రూటర్ కి హార్డ్ డిస్క్ పెట్టాక వైఫై స్లో అయ్యిందా? అసలు కారణం, తగ్గించే మార్గాలు

రూటర్ వెనక నీలం రంగు యూఎస్‌బీ పోర్ట్ కనిపిస్తే మనకి చేతులు ఊరుకోవు. ఇంట్లో ఖాళీగా పడున్న పోర్టబుల్ హార్డ్ డిస్క్ తెచ్చి పెట్టేస్తాం. సినిమాలు, ఫోటోలు అన్నీ టీవీలో, ఫోన్లలో ఓపెన్ అవుతాయి. భలే ఉంటుంది. రెండు మూడు రోజులు గడిచాక కంప్లైంట్లు మొదలవుతాయి. బెడ్ రూమ్ లో వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది. గేటు దగ్గర సీసీ కెమెరా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. స్మార్ట్ ప్లగ్ చెప్పిన మాట వినదు. ఫోన్ లో చూస్తే వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంటుంది!

ఈ దశలో చాలామంది ఇంటర్నెట్ కంపెనీకి కంప్లైంట్ పెడతారు. అది తేలకపోతే కొత్త రూటరో, మెష్ సెట్టో కొంటారు. వేలల్లో ఖర్చు. అదే హార్డ్ డిస్క్ తీసుకెళ్లి కొత్త రూటర్ కి పెడతారు, సమస్య కూడా దాంతో పాటే వెళ్తుంది. అందుకే ఎవరైనా తమ ఇంట్లో వైఫై చూడమని పిలిస్తే నేను ముందు స్పీడ్ టెస్ట్ పెట్టను. రూటర్ ని వెనక్కి తిప్పి దానికి ఏమేం గుచ్చారో చూస్తాను.

ఈ ఆర్టికల్ లో యూఎస్‌బీ 3.0 పోర్ట్ వల్ల వైఫై ఎందుకు దెబ్బతింటుంది, మీ ఇంట్లో కారణం అదేనా కాదా ఎలా తేల్చుకోవాలి, దాదాపు ఖర్చు లేకుండా ఎలా తగ్గించుకోవాలి అనేవి చూద్దాం.

అసలు ఏం జరుగుతోంది?

యూఎస్‌బీ 3.0 లో డేటా 5 జీబీపీఎస్ వేగంతో వెళ్తుంది. అంటే ఆ సన్నటి తీగల్లో కరెంటు సెకనుకి వందల కోట్ల సార్లు మారుతూ ఉంటుంది. ఇంత వేగంగా మారే కరెంటు ఏ తీగలో ఉన్నా ఆ తీగ కొంతవరకు యాంటెన్నాలా పనిచేస్తుంది. చుట్టూ రేడియో శబ్దం, అంటే నాయిస్ వదులుతుంది. యూఎస్‌బీ 3.0 వదిలే నాయిస్ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర ఉండదు. కింద నుంచి దాదాపు 5 గిగాహెర్ట్జ్ వరకు పరుచుకుని ఉంటుంది. మన 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సరిగ్గా ఆ మధ్యలో ఉంది.

ఇది ఎవరో పుట్టించిన పుకారు కాదు. యూఎస్‌బీ తయారీలో ముఖ్య పాత్ర ఉన్న ఇంటెల్ కంపెనీయే 2012 లో దీని మీద ఒక వైట్ పేపర్ విడుదల చేసింది. కంప్యూటర్ కి యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టినప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ లో నాయిస్ దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని వాళ్ల కొలతల్లో తేలింది. వైర్‌లెస్ మౌస్ లు కూడా దీనివల్ల సరిగ్గా కదలవని అందులోనే రాశారు.

20 డెసిబెల్స్ అంటే చిన్న సంఖ్యలా కనిపిస్తుంది కానీ డెసిబెల్ లెక్క వేరు. 10 పెరిగితే పవర్ 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు.

ఈ నాయిస్ మూడు చోట్ల నుంచి బయటికి వస్తుంది: రూటర్ మీద ఉన్న పోర్ట్, కేబుల్, హార్డ్ డిస్క్ డబ్బా. లోపల లోహపు కవచం సరిగ్గా లేని చవక కేబుల్స్, ప్లాస్టిక్ డబ్బాలు అయితే ఇంకా ఎక్కువ. ల్యాప్‌టాప్ లో కూడా ఇదే సమస్య ఉంటుంది కానీ రూటర్ లో మరీ ఇబ్బంది. ఎందుకంటే యూఎస్‌బీ పోర్ట్ కి అంగుళాల దూరంలోనే వైఫై యాంటెన్నాలు ఉంటాయి.

సిగ్నల్ ఫుల్, స్పీడ్ నిల్. ఎందుకలా?

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలికే. ఫోన్ లో కనిపించే వైఫై గుర్తు, రూటర్ మాట ఫోన్ కి ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతుంది. అంతే. ఫోన్ మాట రూటర్ కి వినిపిస్తోందా లేదా అన్నది అది చెప్పదు.

హార్డ్ డిస్క్ ఉన్నది రూటర్ పక్కన. ఫోన్ ఉన్నది బెడ్ రూమ్ లో. నాయిస్ ఫోన్ దాకా వచ్చేసరికి బలహీనపడిపోతుంది, కాబట్టి ఫోన్ కి రూటర్ బాగానే వినిపిస్తుంది. రూటర్ చెవి పక్కనే మాత్రం మిక్సీ తిరుగుతున్నట్టు ఉంటుంది. అసలే ఫోన్ రేడియో పవర్ సాధారణంగా రూటర్ కన్నా తక్కువ. ఆ చిన్న గొంతు మిక్సీ హోరులో కలిసిపోతుంది. అంటే రూటర్ గొంతు బాగానే ఉంది, పోయింది వినికిడి.

లెక్కలో చూద్దాం. ఏ గోలా లేనప్పుడు రూటర్ దగ్గర నాయిస్ మైనస్ 95 డీబీఎం ఉందనుకుందాం. పక్క గదిలోని ఫోన్ సిగ్నల్ రూటర్ కి మైనస్ 60 దగ్గర చేరుతోంది. తేడా 35 డెసిబెల్స్. ఫుల్ స్పీడ్ కి ఇది చాలు. ఇప్పుడు నాయిస్ 20 పెరిగి మైనస్ 75 అయ్యింది. తేడా 15 కి పడిపోయింది. కనెక్షన్ ఉంటుంది కానీ స్పీడ్ బాగా తగ్గిపోతుంది. ఇక గేటు దగ్గర కెమెరా సిగ్నల్ మైనస్ 75 దగ్గర వస్తోందనుకోండి. అప్పుడు తేడా సున్నా. కెమెరా ఆఫ్‌లైన్! దగ్గరి ఫోన్లు కాస్త నెమ్మదించి ఊరుకుంటే, దూరంగా ఉన్న పరికరాలు పూర్తిగా తెగిపోయేది ఇందుకే.

మరి డౌన్‌లోడ్ కూడా ఎందుకు దెబ్బతింటుంది, అది రూటర్ నుంచి ఫోన్ కే కదా వెళ్లేది అని అడగొచ్చు. వైఫై లో రూటర్ పంపిన డేటాకి ఫోన్ వెంటనే "అందింది" అని జవాబు చెప్పాలి. ఆ జవాబు వినపడకపోతే రూటర్ అదే డేటాని మళ్లీ పంపుతుంది, స్పీడ్ కూడా తగ్గించుకుంటుంది. అందుకే రెండు వైపులా దెబ్బే.

చానల్ మారిస్తే పోదా?

పోదు. వైఫై స్లో అనగానే 1, 6, 11 చానల్స్ లో ఒకటి మార్చమని అందరూ చెబుతారు. పక్కింటి రూటర్ వల్ల ఇబ్బంది అయితే అది పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 నాయిస్ మాత్రం బ్యాండ్ మొత్తం పరుచుకుని ఉంటుంది. ఏ చానల్ కి వెళ్లినా అదే గోల.

ఫిల్టర్ పెట్టి ఆపేయొచ్చు కదా అంటే అదీ కుదరదు. యూఎస్‌బీ 3.0 డేటాలో అసలు సమాచారం ఉండేదే ఆ 2.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. దాన్ని కోసేస్తే డేటానే పోతుంది.

ఇంకో విషయం, ఫైల్ కాపీ అవ్వకపోయినా నాయిస్ ఉండొచ్చు. యూఎస్‌బీ 3.0 లింక్ మెలకువగా ఉన్నంతసేపు ఖాళీ సంకేతాలు అటూ ఇటూ పంపుకుంటూనే ఉంటుంది. లింక్ నిద్ర మోడ్ లోకి వెళ్తేనే సద్దుమణుగుతుంది. "ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి ఉండదు" అనే కంప్లైంట్ వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

ముందు తేల్చుకోండి: 10 నిమిషాల టెస్ట్

హార్డ్ డిస్క్ పెడితే వైఫై నెమ్మదించడానికి ఇంకో కారణం కూడా ఉంది. చవక రూటర్లలో ప్రాసెసర్ చిన్నది. హార్డ్ డిస్క్ లోని ఫైల్స్ అన్నీ స్కాన్ చేస్తూ అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దానికి మందు వేరు. అందుకే ముందు రెండిటినీ విడదీయాలి.

1. రూటర్ సెట్టింగ్స్ లో 2.4 కి, 5 కి వేరు వేరు పేర్లు పెట్టండి. రెండిటికీ ఒకే పేరు ఉంటే ఏది దేనికి కనెక్ట్ అయ్యిందో తెలియదు.

2. ల్యాప్‌టాప్ ని పక్క గదిలో పెట్టి 2.4 కి కనెక్ట్ చెయ్యండి. కమాండ్ ప్రాంప్ట్ లో రూటర్ అడ్రస్ కి పింగ్ కొట్టండి. చాలా రూటర్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1. విండోస్ లో చివర ఒక స్పేస్ ఇచ్చి, హైఫన్ పక్కనే టీ అక్షరం చేర్చితే మీరు ఆపేదాకా నడుస్తుంది. రెండు నిమిషాలు నడిపి కంట్రోల్, సీ నొక్కి ఆపండి. ఎన్ని పోయాయి, సగటు టైమ్ ఎంత అన్నది రాసుకోండి. ఫోన్ లో చేస్తే బ్యాటరీ సేవింగ్ వల్ల అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి కాబట్టి ల్యాప్‌టాప్ మేలు.

3. ఇదంతా మొదట హార్డ్ డిస్క్ తీసేసి, తర్వాత పెట్టి చెయ్యండి. పెట్టినప్పుడు దాంట్లోంచి ఏదైనా సినిమా టీవీలోనో, 5 గిగాహెర్ట్జ్ మీద ఉన్న ఇంకో ఫోన్ లోనో నడుస్తూ ఉండాలి. డిస్క్ తీసే ముందు రూటర్ పేజీలో సేఫ్ రిమూవ్ నొక్కడం మర్చిపోకండి. ఊరికే లాగేస్తే ఫైల్స్ పాడవుతాయి.

4. అదే టెస్ట్ 5 గిగాహెర్ట్జ్ మీద, వీలైతే లాన్ కేబుల్ తో కూడా చెయ్యండి.

ఇప్పుడు ఫలితం చదవడం ఈజీ:

- 2.4 మాత్రమే చెడి, 5 గిగాహెర్ట్జ్, లాన్ బాగుంటే: యూఎస్‌బీ నాయిస్.
- మూడూ నెమ్మదిస్తే: రూటర్ ప్రాసెసర్ మీద లోడ్. మీడియా సర్వర్, ఆటోమేటిక్ స్కాన్ ఆపి చూడండి.
- డిస్క్ ఉన్నా లేకపోయినా 2.4 ఒకేలా చెడి ఉంటే: చుట్టుపక్కల వైఫై లు, మైక్రోవేవ్ లాంటి వేరే కారణం. ఇక్కడ చానల్ మార్చడం ఉపయోగపడుతుంది.

మార్గం 1: యూఎస్‌బీ 2.0 కి దింపెయ్యండి

నా ఓటు దీనికే. యూఎస్‌బీ 2.0 వేగం 480 ఎంబీపీఎస్. ఆ వేగంలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే నాయిస్ చాలా తక్కువ. 3.0 లింక్ అసలు మొదలే అవ్వకపోతే పోర్ట్, కేబుల్, డబ్బా మూడూ ఒకేసారి సైలెంట్ అయిపోతాయి.

ఎలా దింపాలి?

- రూటర్ కి రెండు యూఎస్‌బీ పోర్ట్స్ ఉంటే నలుపు రంగుది సాధారణంగా 2.0. డిస్క్ ని దానికి మార్చండి.
- కొన్ని రూటర్లలో సెట్టింగే ఉంది. ఉదాహరణకి ఆసుస్ రూటర్లలో చాలా వాటిలో యూఎస్‌బీ 3.0 ఇంటర్‌ఫియరెన్స్ తగ్గించే ఆప్షన్, లేదా యూఎస్‌బీ మోడ్ 2.0 నా 3.0 నా అని ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. 2.0 పెట్టి రూటర్ రీస్టార్ట్ చెయ్యండి.
- ఆ సెట్టింగ్ లేకపోతే కేబుల్ మార్చండి. పోర్టబుల్ హార్డ్ డిస్క్ వైపు ఉండే వెడల్పాటి సాకెట్ ని గమనించండి, రెండు భాగాలు కలిపినట్టు ఉంటుంది. అందులో పెద్ద భాగంలో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ సరిగ్గా పడుతుంది. దాంతో పెడితే డిస్క్ 2.0 లోనే నడుస్తుంది. టైప్ సీ ఎస్ఎస్‌డీ అయితే ఫోన్ తో వచ్చే ఛార్జింగ్ కేబుల్ వాడి చూడండి, అవి చాలావరకు 2.0 వే.
- యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడినా ఇదే ఫలితం. అందులో 3.0 కి కావాల్సిన తీగలే ఉండవు.

ఒక జాగ్రత్త. డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తూ, ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటే పవర్ చాలట్లేదని అర్థం. యూఎస్‌బీ 3.0 పోర్ట్ 900 మిల్లీఆంప్స్ ఇవ్వాలి, 2.0 పోర్ట్ కి ప్రమాణం 500 మాత్రమే. పైగా సన్నటి, పొడవాటి కేబుల్ లో వోల్టేజ్ పడిపోతుంది. పొట్టి, మందంగా ఉన్న కేబుల్ వాడండి. అప్పుడూ అలాగే ఉంటే ఆ పద్ధతి వదిలేయండి, డిస్క్ పాడవుతుంది.

స్పీడ్ పోదా మరి?

పోతుంది. ఎంత పోతుంది, అది మీకు అవసరమా అన్నది చూడాలి. యూఎస్‌బీ 2.0 లో నిజంగా వచ్చేది సెకనుకి 30 నుంచి 40 ఎంబీ. అంటే సుమారు 240 నుంచి 320 ఎంబీపీఎస్. 4కే బ్లూరే డిస్క్ లోని సినిమాకి గరిష్ఠంగా కావాల్సింది 128 ఎంబీపీఎస్. మామూలు హెచ్‌డీ సినిమాకి అందులో చిన్న వాటా చాలు. రెండు టీవీల్లో రెండు సినిమాలు నడిపినా యూఎస్‌బీ 2.0 తట్టుకుంటుంది.

నష్టం ఎవరికంటే, రోజూ వందల జీబీలు లాన్ లోనో 5 గిగాహెర్ట్జ్ లోనో కాపీ చేసేవాళ్లకి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, ల్యాప్‌టాప్ మొత్తం బ్యాకప్ తీసేవాళ్లు అలాంటివాళ్లు. వాళ్లు ఈ మార్గం వదిలి కింది వాటిని చూడాలి. మిగతా అందరికీ ఆ 5 జీబీపీఎస్ పేరుకే.

మార్గం 2: దూరం, దిశ

3.0 స్పీడ్ తప్పదు అనుకుంటే డిస్క్ ని యాంటెన్నాల నుంచి దూరంగా జరపండి. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపు అయితే నాయిస్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రూటర్ నెత్తి మీద డిస్క్ పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మంచి కవచం ఉన్న ఒక మీటర్ 3.0 కేబుల్ తీసుకుని డిస్క్ ని కింద అరలో పెట్టండి. రూటర్ యాంటెన్నాలు కదిలేవి అయితే పోర్ట్ పక్కన ఉన్నదాన్ని దూరంగా తిప్పండి.

దీనికి ఒక పరిమితి ఉంది. దూరం జరిపితే డబ్బా నుంచి వచ్చే నాయిస్ తగ్గుతుంది కానీ రూటర్ పోర్ట్ దగ్గర లీక్ అయ్యేది అక్కడే ఉంటుంది. అందుకే ఈ మార్గం కొన్ని రూటర్లలో బాగా పనిచేస్తుంది, కొన్నిట్లో సగమే.

మార్గం 3: 5 గిగాహెర్ట్జ్ కి మారండి

యూఎస్‌బీ 3.0 నాయిస్ 5 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ అటు మార్చేస్తే వాటికి ఇబ్బంది ఉండదు. ఆపిల్ కూడా మ్యాక్ యూజర్లకి ఇలాంటి సమస్యకి ఇదే సలహా ఇస్తుంది.

అయితే 5 గిగాహెర్ట్జ్ గోడల్ని అంత బాగా దాటదు. పైగా స్మార్ట్ బల్బులు, ప్లగ్ లు, చవక సీసీ కెమెరాలు చాలావరకు 2.4 మీద మాత్రమే పనిచేస్తాయి. వాటికోసమైనా 2.4 ని శుభ్రంగా ఉంచుకోక తప్పదు.

మార్గం 4: డిస్క్ ని రూటర్ నుంచే విడదీయండి

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే డిస్క్ ని దానికి పెట్టి, దాన్ని లాన్ కేబుల్ తో రూటర్ కి కలపండి. గిగాబిట్ లాన్ అయితే సెకనుకి 100 ఎంబీ పైనే వస్తుంది. యూఎస్‌బీ నాయిస్ ఆ ల్యాప్‌టాప్ దగ్గరే ఉండిపోతుంది, రూటర్ చెవులకి తగలదు. నాస్ బాక్స్ కొనే ఆలోచన ఉంటే అది కూడా ఇదే పని చేస్తుంది. స్పీడ్, వైఫై రెండూ కావాలంటే ఇదే సరైన దారి.

4జీ డాంగిల్ పెట్టారా? లెక్క వేరు

ఇంటర్నెట్ కోసం రూటర్ కి 4జీ డాంగిల్ పెట్టే ఇళ్లు కూడా ఉన్నాయి. మన దేశంలో జియో, ఎయిర్‌టెల్ వాడే 4జీ బ్యాండ్స్ లో బ్యాండ్ 40 ఒకటి. అది 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. సరిగ్గా 2400 దగ్గర వైఫై మొదలవుతుంది. అంటే గోడకి గోడ ఆనుకున్న రెండు ఇళ్లు. డాంగిల్ టవర్ తో మాట్లాడే ప్రతిసారీ పక్కనే ఉన్న రూటర్ చెవికి ఇబ్బందే.

ఇక్కడ మాత్రం చానల్ మార్చడం పనిచేస్తుంది. చానల్ 1 ఆ గోడకి దగ్గర, చానల్ 11 దూరం. కాబట్టి 11 పెట్టండి. డాంగిల్ ని నేరుగా గుచ్చకుండా యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ తో ఒక మీటర్ దూరంలో, కిటికీ వైపు పెట్టండి. వైఫై బాగుపడుతుంది, డాంగిల్ కి సిగ్నల్ కూడా పెరిగే అవకాశం ఉంది.

ఇవి చెయ్యకండి

- రూటర్ కో, హార్డ్ డిస్క్ కో అల్యూమినియం ఫాయిల్ చుట్టడం. రూటర్ కి చుడితే వైఫై నే ఆగిపోతుంది, వేడి పెరుగుతుంది. ఫాయిల్ ముక్క పోర్ట్ లో పడితే షార్ట్ అవుతుంది.
- కేబుల్ కి ఫెరైట్ క్లిప్ తగిలించి అయిపోయిందనుకోవడం. మార్కెట్ లో దొరికే మామూలు క్లిప్స్ తక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్ కోసం చేసినవి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా తేడా రాదు.
- రూటర్ ట్రాన్స్‌మిట్ పవర్ పెంచడం. సమస్య రూటర్ కి వినపడకపోవడం అయితే, అది ఇంకా గట్టిగా అరిచి లాభం ఏముంది?

కొన్ని డౌట్లు

*నా పోర్ట్ మీద యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని ఉంది. ఇది నాకు వర్తిస్తుందా?*
వర్తిస్తుంది. పేరు మారింది కానీ అది పాత యూఎస్‌బీ 3.0 యే, అదే 5 జీబీపీఎస్.

*పెన్ డ్రైవ్ పెట్టినా ఇంతేనా?*
3.0 పెన్ డ్రైవ్ అయితే అవును. కేబుల్ ఉండదు కాబట్టి అది యాంటెన్నాకి ఇంకా దగ్గరగా ఉంటుంది. దానికి 2.0 ఎక్స్‌టెన్షన్ వాడండి.

*బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా తెగుతున్నాయి. దీనివల్లేనా?*
బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ కి 3.0 డిస్క్ పెట్టినప్పుడు మాత్రమే తెగుతుంటే అనుమానం దాని మీదే. డిస్క్ ని ల్యాప్‌టాప్ కి దూరంగా జరిపి చూడండి.

కాబట్టి కొత్త రూటర్ ఆర్డర్ పెట్టే ముందు ఈ వరసలో వెళ్లండి. మొదట డిస్క్ తీసి, పెట్టి పింగ్ టెస్ట్. తేడా 2.4 లో మాత్రమే ఉంటే యూఎస్‌బీ 2.0 కి దింపి మళ్లీ అదే టెస్ట్. అంకెలు మామూలుకి వస్తే పని అయిపోయినట్టే. 3.0 స్పీడ్ నిజంగా కావాలంటే డిస్క్ ని లాన్ వెనక్కి మార్చండి. ఇవన్నీ చేశాక కూడా గేటు దగ్గర కెమెరా ఆఫ్‌లైన్ లోనే ఉంటే, అప్పుడు రూటర్ మార్చడం గురించి ఆలోచించొచ్చు.